‘సల్లీ’ సినిమా: విమానం దిగిన తీరు నిజం, విచారణ జరిగిన తీరు మాత్రం కాదు

ఈ సినిమాలో విమానం నది మీద దిగే భాగానికి నేను నూటికి నూరు మార్కులు వేస్తాను. విచారణ భాగానికి పాస్ మార్కులు కూడా వేయలేను. సినిమా సగం నడిచేది ఆ విచారణ మీదే కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

నేను విజయవాడలో లోకో పైలట్‌గా చేసి రిటైరయ్యాను. మొదట గూడ్సులు, తర్వాత పాసింజర్లు, చివర్లో ఎక్స్‌ప్రెస్‌లు నడిపాను. విమానాల గురించి నాకు తెలిసిందంతా చదివి తెలుసుకున్నదే. కానీ వెనకాల వందల మంది నిద్రపోతుంటే ముందు ఇద్దరే మేలుకుని ఉండటం ఎలా ఉంటుందో తెలుసు. ఏదైనా జరిగాక ఎంక్వైరీలో కాగితాల ముందు కూర్చోవడం ఎలా ఉంటుందో కూడా తెలుసు. వడ్డేశ్వరంలో ఇంజనీరింగ్ చదివే మా మనవడు, సత్యనారాయణపురంలోని మా ఇంట్లో, టీవీలో అద్దెకు తీసి పెట్టాడు. ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ పెట్టుకుని చూశాం.

సినిమా 2016లో వచ్చింది. క్లింట్ ఈస్ట్‌వుడ్ తీశారు. కెప్టెన్ సల్లెన్‌బర్గర్‌గా టామ్ హ్యాంక్స్, కోపైలట్ జెఫ్ స్కైల్స్‌గా ఆరన్ ఎకార్ట్ చేశారు. గంటన్నర దాటగానే అయిపోతుంది, ఎక్కడా సాగదు. జరిగిన సంగతి చాలామందికి తెలుసు. 2009 జనవరి 15న న్యూయార్క్‌లోని లాగార్డియా విమానాశ్రయం నుంచి షార్లెట్‌కి ఒక ఎయిర్‌బస్ ఏ320 బయల్దేరింది. సిబ్బందితో కలిపి 155 మంది. ఎగిరిన రెండు నిమిషాలకే, 2,800 అడుగుల ఎత్తు దగ్గర, కెనడా గూస్ అనే పెద్దబాతుల గుంపు ఎదురొచ్చింది. రెండు ఇంజిన్లూ దెబ్బతిన్నాయి. దాదాపు 208 సెకన్ల తర్వాత విమానం హడ్సన్ నది నీళ్ల మీద ఉంది. ఒక్క ప్రాణం కూడా పోలేదు.

ఇంజిన్లు పోయాక కాక్‌పిట్‌లో చప్పుడు తగ్గిపోయే క్షణం దగ్గర నేను కుర్చీలో ముందుకు జరిగాను. లోకోలో మేం మీటర్ల కంటే ముందు శబ్దాన్నే వింటాం. బ్లోవర్ చప్పుడు కొంచెం మారితే చాలు, సూది కదలకముందే తల అటు తిరుగుతుంది. ఆ భయం ఎలాంటిదో ఈ సినిమా సంగీతం పెట్టకుండా, ఉత్త నిశ్శబ్దంతో చూపించింది. అప్పటిదాకా విమానం నడుపుతున్నది స్కైల్స్. సల్లెన్‌బర్గర్ ‘మై ఎయిర్‌క్రాఫ్ట్’ అంటారు. స్కైల్స్ ‘యువర్ ఎయిర్‌క్రాఫ్ట్’ అని చేతులు తీసేస్తారు. వాదన లేదు, ఆశ్చర్యం లేదు. కాక్‌పిట్ రికార్డర్‌లో కూడా ఆ మాటలే ఉన్నాయి. మేం సిగ్నల్ రంగు ఒకరు పైకి చెబితే రెండోవాళ్లు అదే తిరిగి చెబుతాం. తెలియనివాళ్లకి అది తంతులా కనిపిస్తుంది. తేడా వచ్చిన రోజున ఆ అలవాటే మనిషిని నిలబెడుతుంది. ఆ రెండు మాటలు వినగానే ఈ సినిమా తీసినవాళ్లు పనిని గౌరవించారని అర్థమైంది.

కంట్రోలర్ ఒక్కో రన్‌వే పేరు చెబుతుంటే కెప్టెన్ కుదరదు, కుదరదు అంటూ, చివరికి హడ్సన్‌లో దిగుతున్నామని చెప్పే తీరు కూడా అంతే. గొంతు పెరగదు. క్యాబిన్‌లో ఎయిర్ హోస్టెస్‌లు ‘తల వంచండి, అలాగే ఉండండి’ అని ఒకే లయలో అరుస్తూనే ఉంటారు. ఒడ్డుకు చేరాక కెప్టెన్ పదేపదే ఒకే లెక్క అడుగుతారు, ఎంతమంది బయటపడ్డారని. 155 అని చెప్పేదాకా ఆయన ముఖం మామూలు కాదు. టామ్ హ్యాంక్స్ ఆ సీనులో దాదాపు ఏమీ చేయరు, అయినా నా కళ్లు తడిశాయి.

ఇక రెండో సగం సంగతి. సినిమా కథ ప్రకారం, ప్రమాదం జరిగిన కొద్ది రోజులకే అమెరికా జాతీయ రవాణా భద్రతా బోర్డు అధికారులు కెప్టెన్‌ని గదిలో కూర్చోబెట్టి నిలదీస్తారు. ఎంత నిద్రపోయారు, ఏం తాగారు, ఇంట్లో గొడవలేమైనా ఉన్నాయా. కంప్యూటర్ లెక్క ప్రకారం మీరు వెనక్కి వెళ్లగలిగేవారు, ఎడమ ఇంజిన్ ఇంకా తిరుగుతూనే ఉంది అంటారు. ఆయన ఉద్యోగం, పింఛను అన్నీ పోతాయన్న టెన్షన్ సినిమా అంతా ఉంటుంది. మా మనవడు సగంలోనే, ‘తాతయ్యా, వీళ్లు ఆయన్ని ఎందుకు ఇంతలా సతాయిస్తున్నారు?’ అని అడిగాడు. చూసే ఎవరైనా అదే అడుగుతారు. సినిమా కోరుకున్నదీ అదే.

నిద్ర గురించి, ముందు రోజు గురించి అడగడం విచారణలో మామూలు పద్ధతి. మా డ్యూటీల్లోనూ ఎన్ని గంటల విశ్రాంతి తర్వాత బండెక్కామన్నది మొదటి ప్రశ్నల్లో ఒకటి. అలసట కారణమైతే డ్యూటీ చార్టు మార్చాలి, అందుకు అడుగుతారు. అదే ప్రశ్నని సినిమా పోలీసు స్టేషన్‌లో అడిగినట్టు తీసింది. లైసెన్సు తీసేసే అధికారం అసలు ఆ బోర్డుకు లేదు. కారణం తేల్చి, ఏం మార్చాలో సిఫార్సు చేయడమే దాని పని. దాని దర్యాప్తుల్లో విమాన సంస్థ, విమానం తయారు చేసినవాళ్లు, ఇంజిన్ తయారు చేసినవాళ్లు, పైలట్ల సంఘం ప్రతినిధులు కూడా పక్కనే కూర్చుని పనిచేస్తారు. పైలట్ ఒంటరిగా ఒకవైపు, ప్రభుత్వం మొత్తం మరోవైపు ఉన్నట్టు చూపించింది సినిమా కల్పన.

పతాక సన్నివేశం బహిరంగ విచారణలో వస్తుంది. సిమ్యులేటర్‌లో, అంటే నేల మీదే విమానం నడిపినట్టు సాధన చేసే యంత్రంలో, పైలట్లు తేలిగ్గా రన్‌వేకి తిరిగొస్తారు. అప్పుడు సల్లెన్‌బర్గర్ లేచి, ఆ పైలట్లకు ఏం జరగబోతుందో ముందే తెలుసు, ముందే ఎన్నోసార్లు సాధన చేశారు, పక్షులు తగిలాక ఏం జరిగిందో గ్రహించడానికి మనిషికి పట్టే సమయం ఏదీ అని అడుగుతారు. అధికారులు అయిష్టంగా 35 సెకన్లు కలుపుతారు. ఈసారి సిమ్యులేటర్‌లో విమానం కూలిపోతుంది. హాల్లో నిశ్శబ్దం. సినిమాగా చూస్తే గొప్ప సీను. 110 వేగంతో వెళ్లే బండి 35 సెకన్లలో కిలోమీటరు దాటేస్తుంది. కాబట్టి ఆ సెకన్ల విలువ నాకు ఒకరు చెప్పనక్కర్లేదు.

నిజంగా ఏం జరిగిందో ఆ బోర్డు నివేదికలోనే ఉంది, ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు. ఆ 35 సెకన్ల ఆలస్యాన్ని పెట్టి పరీక్షించింది దర్యాప్తు బృందమే. లెక్కలోకి తీసుకున్న 15 ప్రయత్నాల్లో, తగిలిన వెంటనే మలుపు తిప్పినా 8 సార్లే రన్‌వే చేరగలిగారు. 35 సెకన్లు ఆగి లాగార్డియాకి తిప్పిన ప్రయత్నం విఫలమైంది. వెంటనే మలుపు తిప్పడమన్నది నిజ జీవితంలో మనిషి ఆలోచించుకునే సమయాన్ని లెక్కలోకి తీసుకోదని నివేదికే రాసింది. నదిలో దించాలన్న నిర్ణయమే ప్రాణాలు దక్కడానికి ఎక్కువ అవకాశం ఇచ్చిందని తేల్చింది. అంటే సినిమాలో హీరో అరిచి చెప్పించిన న్యాయాన్ని, నిజంలో ఆ అధికారులు ఎవరూ అరవకుండానే రాశారు.

బహిరంగ విచారణ 2009 జూన్‌లో మూడు రోజులు జరిగింది. నివేదికకు ఆమోదం 2010 మే 4న, అంటే దాదాపు పదహారు నెలలకు. సినిమా దీన్నంతా కొన్ని రోజుల్లోకి కుదించింది. దాన్ని నేను తప్పు పట్టను, గంటన్నరలో పదహారు నెలలు చూపించలేరు. కాక్‌పిట్ రికార్డింగ్‌ని హాల్లో అందరి ముందు వినిపించడాన్ని మాత్రం ఒప్పుకోలేను. అమెరికా చట్టం ప్రకారం ఆ ఆడియోని బయటపెట్టకూడదు. మాటల్ని రాసిన ప్రతి మాత్రమే బయటికి వస్తుంది. పనిచేసే చోట మనిషి గొంతును రికార్డు చేస్తున్నప్పుడు ఆ రక్షణ ఉండాలి. లేకపోతే ఎవరూ మనసు విప్పి మాట్లాడరు. ప్రమాదానికి ముందు మాట్లాడరు, తర్వాత కూడా మాట్లాడరు.

సినిమాలో అధికారుల పేర్లు కల్పితాలు. ఆ దర్యాప్తులో పనిచేసిన కొందరు సినిమా వచ్చాక బహిరంగంగానే అభ్యంతరం చెప్పారు. వాళ్ల బాధ నాకు అర్థమవుతుంది.

ఒక సంగతి చెబుతాను. బాపట్ల దాటాక ఒక వంపులో పట్టాల మీదికి గేదెలు వచ్చాయి. ఎమర్జెన్సీ బ్రేకు వేసినా బండి ఆగలేదు, హోస్ పైపు తెగింది, బండి చాలాసేపు నిలిచిపోయింది. విచారించడానికి వచ్చిన పెద్దాయన మొదట స్పీడ్ రికార్డు చూశారు. తర్వాత నన్ను కూర్చోమని మంచినీళ్లు ఇప్పించి, ‘ఎక్కడ కనిపించాయో చెప్పు బాబూ’ అన్నారు. ఇంకో రోజు నా పక్కనే లోకోలో నిలబడి, ఆ వంపు దగ్గర తన కళ్లతో చూశారు. లోపలి వైపు తుమ్మచెట్లు గుబురుగా పెరిగి పట్టాల్ని కప్పేస్తున్నాయి. చెట్లు కొట్టించాలని రాశారు, కొట్టించారు. ఆ కాగితంలో నా పేరు ఒక్కచోట ఉంటే చెట్ల సంగతి పేజీ నిండా ఉంది. మంచి విచారణ అంటే నా మనసులో ఈనాటికీ ఆ పెద్దాయనే. అలాంటి మనిషి ఒక్కరు కూడా ఈ సినిమాలో లేకపోవడం నన్ను నొప్పించింది.

పైగా అసలు దర్యాప్తులో ఉత్కంఠ లేదా అంటే, బోలెడు ఉంది. పక్షుల సంగతే తీసుకోండి. ఇంజిన్లలో దొరికిన ఈకల ముక్కల్ని వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ సంస్థ ఈకల ప్రయోగశాలకి పంపారు. 1960లో బాస్టన్‌లో గోరింకల జాతి పక్షులు ఇంజిన్లలో పడి విమానం కూలి 62 మంది చనిపోయినప్పుడు, ఈకల్ని చూసి పక్షిని గుర్తుపట్టిన రాక్సీ లేబోర్న్ అనే ఆవిడతో మొదలైన విద్య అది. హడ్సన్ విషయంలో డీఎన్‌ఏతో అవి కెనడా గూస్‌లేనని తేల్చారు. అంతటితో ఆగలేదు. ఈకల్లోని హైడ్రోజన్‌ని పరీక్షించి, ఇవి న్యూయార్క్‌లో ఉండిపోయే పక్షులు కావు, కెనడాలోని లాబ్రడార్ వైపు నుంచి వలస వచ్చినవని చెప్పారు. ఊళ్లో ఉండే పక్షులైతే విమానాశ్రయం చుట్టూ తగ్గించవచ్చు, వలస పక్షులకు వేరే దారి వెతకాలి. ఒక ఈక ముక్క నుంచి ఇంత దూరం వెళ్లిన మనుషుల కథని పక్కన పెట్టి కోపపు ముఖాల్ని చూపించారు.

మన గన్నవరం చుట్టుపక్కల ఉండేవాళ్లు కూడా ఈ భాగం తెలుసుకోవాలి. విమానాశ్రయానికి 10 కిలోమీటర్ల లోపు బహిరంగంగా జంతువుల్ని కోయడం, పక్షులు మూగేలా చెత్త వేయడం మన దేశ నిబంధనల్లోనే నిషేధం. చికెన్ వ్యర్థాల మూట రోడ్డు పక్కన పడేసేవాళ్లకి దాని మీద వాలే గద్ద ఎక్కడికి ఎగురుతుందో చూపించే సినిమా ఒకటి రావాలి.

చెక్‌లిస్టు సంగతి ఇంకా గట్టిది. రెండు ఇంజిన్లూ పోతే ఏం చేయాలో చెప్పే చెక్‌లిస్టు మూడు పేజీలు. అది 20,000 అడుగుల పైన జరిగితే చేయడానికని రాసినది. వీళ్లు ఉన్నది 3,000 అడుగుల లోపు. స్కైల్స్ ఎంత చకచకా చదివినా మూడో వంతే పూర్తయింది. సల్లెన్‌బర్గర్ మాత్రం వరస కోసం చూడకుండా సహాయక జనరేటర్‌ని ముందే ఆన్ చేశారు. దానివల్ల కరెంటు పోకుండా విమానం మాట వింది. తక్కువ ఎత్తులో ఇంజిన్లు పోతే వాడటానికి వేరే చెక్‌లిస్టు తయారు చేయాలని బోర్డు సిఫార్సు చేసింది. విమానం వెనక భాగం పగిలి నీళ్లు రావడంతో వెనక ఉన్న రెండు రాఫ్టులూ, అంటే గాలితో ఉబ్బే తెప్పలూ, పనికి రాలేదు. ముందు తలుపుల దగ్గరి రాఫ్టులు ఉండటం కూడా అదృష్టమే. ఆ ప్రయాణానికి అవి తప్పనిసరి కావు, సముద్రం మీద తిరిగే ఏర్పాట్లున్న విమానం ఆ రోజు ఆ రూటుకు వచ్చింది. ఒక ఎయిర్ హోస్టెస్, నలుగురు ప్రయాణికులు తీవ్రంగా గాయపడ్డారు. సినిమాలో విచారణ గది వీటిలో దేన్ని గురించీ సరిగ్గా అడగదు.

ఎక్కడో అమెరికా సినిమా గురించి ఇంత పట్టుదల ఎందుకంటే, విచారణ అంటే ఏమిటో మనలో చాలామందికి సినిమాలే నేర్పుతున్నాయి. అదే 2009లో, సెప్టెంబరు 2న, మన ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి గారి హెలికాప్టర్ నల్లమలలో పావురాలగుట్ట దగ్గర కూలి అయిదుగురు చనిపోయారు. ఆ రోజుల్లో విజయవాడలో ఏ టీ కొట్టు దగ్గర నిలబడినా ఎవరు చేయించారన్న మాటే. ఆర్.కె. త్యాగి కమిటీ నివేదిక వచ్చింది. ట్రాన్స్‌మిషన్ ఆయిల్ ప్రెషర్ హెచ్చరిక వచ్చాక ఏం చేయాలో పుస్తకంలో వెతుకుతూ పైలట్లకు ఆరు నిమిషాలకు పైగా గడిచిందని, ఆ తర్వాత తీవ్రమైన వాతావరణంలో హెలికాప్టర్ అదుపు తప్పిందని అందులో ఉంది. అక్కడ కూడా పుస్తకమే, పేజీలే. హడ్సన్ నివేదిక పక్కన పెట్టి చదివితే ఒళ్లు జలదరిస్తుంది. కానీ పుకార్లు గుర్తున్నంతగా ఆ నివేదిక ఎవరికీ గుర్తులేదు.

2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో విమానం కూలి 260 మంది ప్రాణాలు పోయాక కూడా ఇదే చూశాం. నెల రోజులకు ప్రాథమిక నివేదిక వచ్చింది. ఇంధనం స్విచ్‌లు ఒక సెకను తేడాతో ఆఫ్ స్థానంలోకి మారాయని, ఎందుకు ఆఫ్ చేశావని ఒక పైలట్ అడిగితే చేయలేదని రెండో పైలట్ అన్నారని అందులో ఉంది. ఎవరిదీ తప్పని అందులో తేల్చలేదు. ఆ రాత్రికే టీవీల్లో తీర్పులు వచ్చేశాయి. చనిపోయిన పైలట్ల ఇళ్లలో ఆ టీవీలు చూసినవాళ్లు కూడా ఉంటారు. ప్రపంచ దేశాలన్నీ ఒప్పుకున్న విమానయాన నిబంధనల్లో, అనుబంధం 13లో, దర్యాప్తు ఏకైక ఉద్దేశం ప్రమాదాలు మళ్లీ జరగకుండా చూడటమని, ఎవరి మీదా నింద మోపడం దాని పని కాదని రాసి ఉంది. మన దేశంలో 2012 నుంచి ఉన్న విమాన ప్రమాదాల దర్యాప్తు బ్యూరో నడిచేదీ ఆ నిబంధన మీదే.

మన దగ్గర ఇలాంటి సినిమా కావాలంటే 2022లో వచ్చిన హిందీ ‘రన్‌వే 34’ ఉంది. 2015లో దోహా నుంచి కొచ్చి వచ్చిన ఒక విమానం వాతావరణం బాగాలేక తిరువనంతపురంలో అతి తక్కువ ఇంధనంతో దిగిన సంఘటన దానికి ఆధారం. అజయ్ దేవగణ్ తీసి, నటించారు. తెలుగువాళ్లకు బాగా తెలిసిన రకుల్ ప్రీత్ కోపైలట్. వానలో విమానం దించే సగం ఊపిరి బిగపట్టి చూశాను. రెండో సగంలో అమితాబ్ బచ్చన్ దర్యాప్తు అధికారిగా వస్తారు. ఆయన గొంతుకి తగ్గట్టు దాన్ని కోర్టు సీనుగా మార్చేశారు. పైలట్‌ని బోనులో నిలబెట్టినట్టే ఉంటుంది. దీంతో పోలిస్తే ‘సల్లీ’ చాలా నయం, కనీసం పనిని నిజాయితీగా చూపించింది.

నిజమైన దర్యాప్తు ఎలా సాగుతుందో చూడాలనుకుంటే ‘ఎయిర్ క్రాష్ ఇన్వెస్టిగేషన్’ అనే టీవీ సిరీస్ మంచిది. 2003 నుంచి వస్తోంది. నటన సాదాగా ఉంటుంది, ఒకే రకం సంగీతం విసుగు తెప్పిస్తుంది. కానీ ముక్కల్ని పేర్చుకుంటూ వెళ్లే మనుషుల ఓపిక అందులో కనిపిస్తుంది. హడ్సన్ మీద కూడా ఒక భాగం ఉంది.

‘సల్లీ’కి నేను 5కి 3 ఇస్తాను. ఆ మూడూ కాక్‌పిట్‌కి, క్యాబిన్‌కి, నది మీద పడవలకి. మిగతా రెండూ విచారణ గదిలో పోయాయి. చూడండి, తప్పకుండా చూడండి. మంచి స్పీకర్లుంటే పెట్టుకోండి, శబ్దం ఆగిపోవడం తెలియాలంటే ముందు శబ్దం బాగా వినపడాలి. విమానం ఎక్కబోయే ముందు రోజు వద్దు. మొదటి సీనులోనే విమానం న్యూయార్క్ భవనాల మధ్య కూలినట్టు కెప్టెన్‌కి పీడకల వస్తుంది, చిన్నపిల్లలు హడలిపోతారు. చూశాక ఇంట్లో ఇంజనీరింగ్ చదివే పిల్లలుంటే ఆ బోర్డు నివేదికలో చెక్‌లిస్టు గురించిన భాగం చదివించండి. మా మనవడు చదివి, మూడు పేజీల్ని ఒక పేజీకి తగ్గించాలంటే ఏ అడుగులు తీసేయాలో నోట్‌బుక్‌లో రాసుకుంటున్నాడు.